తేనెటీగలకు చెప్పాల్సిన పేరు

మా మామగారు మైరిగ్ తెల్లవారేసరికి పోయారు. మా వేల్స్ కొండల్లో యజమాని పోతే ముందు తేనెటీగలకు చెప్పాలి. ఇంటి తాళంచెవితో తేనెపెట్టె మీద తట్టి, పోయినవాళ్ల పేరూ, ఇకపై యజమాని పేరూ వినిపించాలి. పెట్టె మీద కప్పే సంతాపపు నల్లగుడ్డ, తాళంచెవి పట్టుకుని గడప దాటానో లేదో కాళ్లు ఆగిపోయాయి. ఎవరి పేరు చెప్పను?

మా ఇల్లు ఒకప్పటి కోట. రాకుమారుడెవరో కట్టాడట, ఇంగ్లీషు రాజు లాక్కున్నాడట, తర్వాత ఒక ప్రభువు జూదంలో పోగొట్టుకున్నాడట. పైకప్పు కూలాక, అడిగే నాథుడు లేక, మా ఆయన ముత్తాత అందులోకి గొర్రెల్ని తోలేశాడు. దర్బారు జరిగిన చోట ఇప్పుడు మా ఆవులు నెమరేస్తున్నాయి. మా ఆయన పోయినప్పటి నుంచీ వాటి పాలు పితికేది నేనే. పితికినంత మాత్రాన కోట నాదవుతుందా? పొమ్మంటే ఎక్కడికి పోను?

మామగారి తమ్ముడు ఇద్వాల్ అప్పటికే వాకిట్లో ఉన్నారు.

"మా నాన్న నోటిమాటగా పంచాడమ్మాయ్. గోడలు నావి, గడ్డి మా అన్నది."

"మరి గోడ మీద మొలిచిన గడ్డి ఎవరిది, చినమావయ్యా?"

"అది... అది వేరే సంగతి."

"ఆవులేమో గడ్డి తిని గోడల మధ్య పడుకుంటాయి. సగం ఆవు మీదా, సగం మాదా?"

"ఎగతాళా? తాళంచెవి ఇటివ్వు. తేనెటీగలకు నేను చెబుతా."

పోయిన మనిషి ఇంకా మంచం మీదే ఉన్నాడు, మేం సగం ఆవు కోసం కొట్టుకుంటున్నాం. సిగ్గేసింది. కోపం అంతకంటే ఎక్కువ వచ్చింది. అయినా రక్తసంబంధం ఆయనది, నేను బయటినుంచి వచ్చినదాన్ని. తాళంచెవి ఇచ్చేశాను. ఎందుకిచ్చానో నాకే అర్థం కాలేదు.

తేనెపెట్టెలు దక్షిణపు గోడ గూళ్లలో ఉంటాయి. ఇద్వాల్ టోపీ తీసి, మెల్లగా తట్టారు.

"మైరిగ్ పోయాడు" అన్నారు. అప్పటిదాకా ఆ మాట మా ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు. ఆయన మళ్లీ పెట్టె మీద తట్టారు. నేను మాత్రం మూటాముల్లె ఎలా సర్దుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

"ఇకమీదట మీ యజమాని మేరెద్."

అది నా పేరు. సరిగ్గానే విన్నానా?

"అదేంటి చినమావయ్యా! గోడలు మీవన్నారుగా?"

ఆయన నా మొహం చూడలేదు.

"నీతో అయితే అబద్ధమాడొచ్చమ్మాయ్. వీటితో ఆడితే పెట్టె వదిలి లేచిపోతాయి."