పసిది తానే వెతుక్కున్న పాలు

మా కోడలు నెలిదా నెల తప్పగానే మంత్రసాని ఫోర్తునాతా వచ్చి, రోజూ కినోవా గింజల జావ, గుడ్డు పెట్టమంది. పొద్దున్నే లామాల మంద వెంట గట్టుదాకా నెలిదాని నడవమంది.

"కడుపుతో ఉన్న పిల్లని కొండెక్కిస్తావా?" అని దెబ్బలాడాను.

"మెల్లగా నడిస్తే ఏం కాదక్కా. మంచంలో పడేస్తేనే ఒళ్ళు మొద్దుబారుతుంది" అంది. నెలిదా ఆమె మాటే విని నెలలు నిండేదాకా నడిచింది.

ఓ మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. మా అమ్మ నేర్పినట్టే బిడ్డకి ముందుగా పట్టడానికి నేను సోంపునీళ్ళు కాచి తెచ్చాను. ఫోర్తునాతా నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కాసేపు ఊరికే చూడు" అంటూ బిడ్డని తుడిచి, తల్లి పొట్ట మీద బోర్లా పడుకోబెట్టి, మా ఆండీస్ చలికి ఉన్ని దుప్పటి కప్పింది.

బిడ్డ చాలాసేపు కదల్లేదు. తర్వాత ఆ చిట్టి కాళ్ళు పొట్టని తన్నాయి. బిడ్డ అంగుళం జరిగి ఆగింది. వాసన పట్టినట్టు ముక్కు ఆడించి, తల ఎత్తి మళ్ళీ పాకింది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. ముప్పావుగంటకి రొమ్ము అందుకుని చప్పరించసాగింది. నెలిదా నవ్వుతూ ఏడ్చేసింది.

"దీనికెవరు నేర్పారే?" అన్నాను.

"నలభై ఏళ్ళుగా చూస్తున్నా. నాకూ తెలీదక్కా" అంది ఫోర్తునాతా.

ఆరుగుర్ని కన్నాను, అందరికీ ముందు సోంపునీళ్ళే పట్టాను. అప్పుడే పుట్టిన బిడ్డకి దారి తెలుసని ఆ రోజే చూశాను.