గంపల కింద టైరు జాడ

లారీ ఆగలేదు. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది చెప్పాలి. ఎందుకంటే సర్కారు కాగితంలో ఆ ఒక్క మాట తప్ప అన్నీ ఉన్నాయి.

ఎర్రగుంటపల్లె దగ్గర జగదేవ్‌పూర్ బాట సిద్దిపేట సడకులో కలిసే మలుపు అది. పొద్దున్నే దుబ్బయ్య సర్కారుకు పోయే లెవీ ధాన్యం బండి తోలుకుపోతున్నాడు. ఎక్కడో యుద్ధం జరుగుతోందట, దాని కోసం ఎర్రగుంటపల్లె గాదెలు ఊడ్చి ఇవ్వాలట. బస్తాలు ఊరివి, బండీ ఎద్దులూ దొర భూపతిరావువి, తోలే మనిషి వెట్టివాడు. దుబ్బయ్య ఎంత ఎడమకు పోతున్నాడంటే చక్రం సడకంచు గడ్డిని నలుపుతూ పోతోంది. ఎదురుగా బొగ్గు మీద నడిచే లారీ వచ్చింది. అది పోవాల్సిన పక్కన సడకంతా గుంతలు. గుంతల్లో తోలితే ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే పట్నం పోయి వచ్చే ఖేపు ఒకటి తగ్గుతుంది. అందుకని డ్రైవర్ బాలయ్య దాన్ని బండ్లు పోయే పక్కకు తోలుకొచ్చాడు. ఆ లారీ కూడా భూపతిరావుదే.

దుబ్బయ్య భార్య బుచ్చవ్వ పక్క చేలో కలుపు తీస్తోంది. చప్పుడు విని లేచి చూసేసరికి ఒక ఎద్దు కాళ్లు కొట్టుకుంటోంది, లారీ వెనక దుమ్ము లేస్తోంది. దుబ్బయ్య విరిగిన నొగ కింద ఉన్నాడు. వెనక బండి తోలుతున్న యోబు దిగి ఉరికి నొగ ఎత్తాడు. అప్పటికే ప్రాణం పోయింది.

ఆ తర్వాత బుచ్చవ్వ చేసిన పని వెట్టివాళ్ల వాడలో ఏ ఆడదైనా చేసేదే. బాట మీద అకాలంగా పోయినవాడి నెత్తురు బాట మీద ఉండకూడదు. పొద్దు నడినెత్తికి రాకముందే శవాన్ని లేపాలి, ఆ జాగ ఊడ్చి పేడనీళ్లు చల్లాలి. లేకపోతే వాడి పాణం ఆ బాట పట్టుకునే తిరుగుతుందని పెద్దల మాట. ముసలి లచ్చవ్వ పేడ కలిపి ఇచ్చింది. బుచ్చవ్వ ఏడుస్తూనే ఊడ్చింది, నాలుగు కుండలు చల్లింది. ఒక్క నెత్తుటి చుక్క మిగల్లేదు. ఒక్క టైరు గీత కూడా మిగల్లేదు.

పోలీసు అమీను మూడు జాముల పొద్దుకు గుర్రం మీద వచ్చాడు. పెళ్లివాకిలిలా శుభ్రంగా ఉన్న సడకును చూసి నవ్వాడు.

"లారీ వచ్చిందంటున్రు. జాడేది?"

"నేను చూసిన దొరా," అన్నాడు యోబు. "మా పక్కకొచ్చి గుద్దింది."

"నిన్నడిగిన్నా? జాడేదని అడిగిన."

పట్వారీ, పోలీసు పటేలు పంచనామాకు సాక్షులుగా, పంచులుగా కూర్చున్నారు. ఇద్దరూ భూపతిరావు ఉప్పు తిన్నవాళ్లే. కంచే చేను మేస్తే కాపేం చేస్తాడు? ఉర్దూలో ఏదో రాశారు. శవానికి మట్టి చేసుకోవడానికి ఇచ్చే పరవానగీ చీటీ అన్నారు, వేలు పెట్టమన్నారు. బుచ్చవ్వ పెట్టింది.

రెండు నెలలు తిరిగింది. సిద్దిపేట కచేరీ ముందు ఎన్నిసార్లు పొద్దు గడిపిందో లెక్క లేదు. రేపు రా, ఎల్లుండి రా, అమీను సాబు లేడు, మున్సిఫు సాబుకు జ్వరం. చివరికి కచేరీ ఎదుటి అరుగు మీద బట్టలు కుట్టే రాజం ఆమెకు దొరికిన ఆ కాగితం నకలు చదివి పెట్టాడు. రాజం దొరలకు ఎదురు తిరిగే సంగపోడు, ఉర్దూ చదవను రాయను వచ్చినవాడు. చదువుతూ మధ్యలో ఆగిపోయాడు.

"చెప్పు తమ్మీ," అంది బుచ్చవ్వ.

"దుబ్బయ్య కల్లు తాగి బండి మీద పండుకున్నడట. ఎద్దులు కుడి పక్కకు పోయి ఆగి ఉన్న లారీని గుద్దినయట."

"ఎవడు చెప్పిండు గా మాట?"

రాజం తలెత్తలేదు. "నువ్వే చెప్పినవని ఉన్నదక్కా. కింద నీ ఏలుముద్ర ఉన్నది."

బుచ్చవ్వ తన బొటనవేలు చూసుకుంది. "తాగుతడు నా మొగడు. తాగడని అబద్ధమెందుకు చెప్తా? పొద్దుగూకినంక తాగుతడు. ఆ దినం పొద్దుగాల అంబలి తాగి పోయిండు. నా చేతుల్తోని పోసిన."

అదే మాట మున్సిఫు ముందు చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. భూపతిరావు వకీలు లేచి, రుజువు కావాలన్నట్టు ఒకే ఒక ప్రశ్న అడిగాడు: "సబూతేది?" యోబు నోరు తెరవబోతే వెట్టివాడి సాక్ష్యం, గవా చెల్లదన్నాడు. కేసు కొట్టేశారు. బయటికొస్తుంటే ఎవరో జాలిపడి, ఎద్దు చచ్చినందుకు దొర నీ మీద దావా వేయలేదు, సంతోషపడమని బుచ్చవ్వకు చెప్పారు. ఒళ్లు మండిపోయింది ఆమెకు.

ఆ ఆదివారం యోబు వాళ్ల ప్రార్థన గుడిసె ముందు వాడంతా కూడింది. రాజం సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు.

"డ్రైవర్ బాలయ్య దొరకనీ, కాళ్లిరగ్గొడ్త," అన్నాడు యోబు.

"ఆని కాళ్లిరిగితే దొరకేం నొస్తది?" రాజం అన్నాడు. "రేపు ఇంకోణ్ణి కూసోబెడ్తడు. నువ్వు బండి మీద వెట్టోనివి, ఆడు లారీ మీద వెట్టోడు."

"అయితే ముద్దు పెట్టుకోమంటవా?"

జనం నవ్వారు, తిట్టుకున్నారు, ఒకరి మీద ఒకరు అరిచారు. సంగం ఏం చేస్తదని ఒకడు, సర్కారుతో పెట్టుకుంటే కొరివితో తల గోక్కున్నట్టేనని ఇంకొకడు. బుచ్చవ్వ చాలాసేపు విని లేచింది.

"సబూతేదని అడిగిన్రు. సబూతు ఉండె. నేనే కడిగిన." ఆమె జనం వైపు తిరిగింది. "లారీ మల్ల గుద్దుతది. ఆ దొర బతికున్నంత కాలం గుద్దుతది. ఇగ ఊడ్వొద్దు. చల్లొద్దు. గాలికి, పశులకు చెరగకుండ జాడ మీద గంపలు బోర్లియ్యాలె."

లచ్చవ్వ నేల మీద చెయ్యి కొట్టింది. "సచ్చినోణ్ణి నెత్తుట్లనే పండవెడ్తవా? తరతరాల రివాజు నీ మొగనితోనే పోయిందానే?"

తీర్మానం కాలేదు. కొందరు అవునన్నారు, కొందరు ముసల్దానితో లేచిపోయారు. బుచ్చవ్వకు ఆ రోజు అమీను మీద కంటే తన వాళ్ల మీదే ఎక్కువ కోపం వచ్చింది.

పల్లికాయ తవ్వకాల నాటికి ఆమె మాట నిజమైంది. అదే మలుపు, అదే లారీ. ఈసారి పోయినవాడు లెవీ బండి తోలే పోచయ్య. లారీ మాత్రం పోలేదు, దాని ముందు చక్రం పోచయ్య బండిలో ఇరుక్కుని ఆగింది. చేలో ఉన్న ఆడవాళ్లు గంపలతో సహా ఉరికొచ్చారు. పోచయ్య పెండ్లాం ఐలవ్వ అతని మీద పడింది.

"ఎవ్వరు తొక్కొద్దు!" బుచ్చవ్వ గొంతు చీల్చుకుని అరిచింది. "గంపలు బోర్లియ్యిన్రి! గా టైరు గీత మీద. గా బండి జాడ మీద. కాలు పెట్టొద్దు!"

పల్లికాయలు సడకు పక్కన కుమ్మరించి గంపలు తెచ్చారు. ఒకటి, రెండు, పది, పదిహేడు. నల్లదుమ్ములో లారీ గీత ఎటు నుంచి ఎటు తిరిగిందో ఆ గంపల వరసే చెబుతోంది. యోబు సిద్దిపేటకు ఉరికాడు రాజం కోసం.

ఎండెక్కింది. ఈగలు ముసిరాయి. లచ్చవ్వ పేడనీళ్ల కుండతో వచ్చింది. ఐలవ్వ చేతులు జోడించింది.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. లేపనియ్యి. కడగనియ్యి. గిట్ల ఎండల ఎట్ల పండవెట్టుదు నా మొగణ్ణి?"

బుచ్చవ్వకు ఆ క్షణాన తాను చేస్తున్నది పాపమేమో అనిపించింది. లచ్చవ్వ కుండ ఎత్తింది. బుచ్చవ్వ వెళ్లి ఆ కుండకు అడ్డంగా నిలబడింది.

"నేను చల్లిన అవ్వా. నువ్వు కలిపిస్తే నాలుగు కుండలు చల్లిన. లారీ ఒక్కసారే సంపింది నా మొగణ్ణి. రెండోసారి నేను సంపిన. తాగుబోతని రాపిచ్చి సంపిన." తన కొంగు తీసి పోచయ్య మొహం మీద కప్పింది. "ఐలవ్వా, నేను ఈగలు తోల్త. నువ్వు కూసో."

లచ్చవ్వ కుండ దించలేదు, చల్లనూ లేదు. అట్లాగే నిలబడింది.

అమీను కంటే ముందే రాజం వచ్చాడు, యోబును సైకిలెక్కించుకుని, మెడలో బట్టలు కొలిచే టేపుతోనే. ఒక్కొక్క గంప ఎత్తి, కొలిచి, మళ్లీ బోర్లించాడు. అందరికీ వినబడేలా చదివి తెలుగులో రాశాడు. లారీ గీత బండ్లు పోయే పక్కనే ఉంది, సడకంచుకు మూరెడు దూరంలో. బండి చక్రం గడ్డిలో ఉంది. లారీ నీడన కూర్చున్న డ్రైవర్ బాలయ్య నుదుటి నెత్తురు తుడుచుకుంటూ లేచాడు. యోబు పిడికిలి బిగించి అతని వైపు కదిలాడు.

"కొట్టన్నా," అన్నాడు బాలయ్య. "గని ఇది గూడ రాసుకోన్రి. బిరేకు పడ్తలేదని దొరకు మూడుసార్లు చెప్పిన. తోలవస్తే తోలు, లేకుంటే పో అన్నడు. కన్ను మూయక మూడు దినాలయింది."

యోబు చెయ్యి కిందికి దిగింది.

అప్పుడొచ్చాడు అమీను, నలుగురు జవాన్లతో. వెనకే భూపతిరావు గుమాస్తా, దొర పశువుల మందను తోలుకొచ్చాడు. జాడ తొక్కించడానికేనని అందరికీ అర్థమైంది. ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే గంపల చుట్టూ కూర్చున్నారు. ముందున్న ఎద్దు ఒక ముసలమ్మ భుజం వాసన చూసి ఆగిపోయింది. జవాన్లకన్నా ఆ గొడ్డుకే ఇంగితం ఎక్కువ ఉంది.

"గిదంత ఎవడు నేర్పిండే నీకు?" అమీను బుచ్చవ్వను అడిగాడు.

"మీ కాగితమే నేర్పింది దొరా."

అమీను ఒక గంపను కాలితో తన్నాడు. అది దొర్లింది. కింద టైరు జాడ పొద్దున పడ్డట్టే ఉంది. అతను ఒక్క క్షణం దాన్ని చూశాడు, ఊరంతా అతన్ని చూసింది. తర్వాత ఏమీ ఎరగనట్టు పంచనామా కాగితం తీసి, సిరా డబ్బీ తెరిచి చాపాడు.

"ఏలు పెట్టు. శవాన్ని తీస్కపో."

"చదువు," అంది బుచ్చవ్వ.

"నాకే చెప్తవా?"

"చదివినంకనే ఏలు. జాడ ఎటున్నదో రాస్తివా, చదువు. బిరేకు సంగతి రాస్తివా, చదువు."

జవాను ఆమె చెయ్యి పట్టి లాగాడు. ఆమె బొటనవేలు అరచేతిలో పెట్టుకుని మిగతా వేళ్లు దాని మీద బిగించింది. జవాను ఒక్కొక్క వేలూ ఊడదీయబోయాడు. కలుపు తీసి తీసి కాయలు కాసిన చెయ్యి అది, విప్పుకోలేదు. కర్రతో కణుపుల మీద కొట్టాడు. నెత్తురొచ్చింది, పిడికిలి విడలేదు. అమీను కాగితం ఐలవ్వ ముందు పెట్టించాడు. ఐలవ్వ కన్నీళ్లతోనే బొటనవేలు లోపలికి ముడుచుకుంది. ఆ పక్కామె ముడుచుకుంది, ఆ పక్కామె. యోబు, రాజం, చివరికి డ్రైవర్ బాలయ్య. సడకు మీద అన్నీ పిడికిళ్లే. సిరా డబ్బీ ఎండిపోతోంది.

బుచ్చవ్వకూ యోబుకూ బాలయ్యకూ తాళ్లు కట్టి సిద్దిపేట వైపు నడిపించారు. మలుపు తిరుగుతూ బుచ్చవ్వ వెనక్కి చూసింది. లచ్చవ్వ పేడనీళ్లు చేలో కుమ్మరించి, ఖాళీ కుండను అమీను తన్నిన చోట జాడ మీద బోర్లించి, దాని పక్కనే, బుచ్చవ్వ లేచిన జాగలో కూలబడింది.

ఆ వెనక లెవీ బండ్లు ఒక్కొక్కటే వచ్చి ఆగుతున్నాయి. బండ్లవాళ్లు దిగి కాడి విప్పుతున్నారు. ఆ దినం సిద్దిపేట గోదాముకు ఒక్క బస్తా కూడా చేరలేదు.