వదిలేసిన వరుస

2004లో నా పీహెచ్‌డీ వైవా రోజు మా నాయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా నాయన వెంకటేశులు ధర్మవరంలో జకార్డు అట్టలకు చిల్లులు కొడతాడు. ఆ చిల్లుల ప్రకారమే మగ్గం మీద చీర అంచులో హంస పడుతుంది. ఒక్క చిల్లు తప్పితే హంసకు మెడ ఉండదు. అప్పటికి ముప్పై ఏళ్లలో ఆయన కొట్టిన అట్ట ఒక్కటీ వెనక్కి రాలేదట. ఈ సంగతి బస్సులో పక్క సీటువాళ్లకు కూడా చెప్పేవాడు.

నాదీ చిల్లుల పనే. వెంట్రుక కంటే పలచని సిలికాన్ రేకులో వరుసలు వరుసలుగా చిల్లులు చేసి, మధ్యలో ఒక్క వరుస వదిలేస్తే, కాంతి ఆ వదిలేసిన వరుస వెంటే పోతుంది. చుట్టూ ఉన్న చిల్లులు దాన్ని పక్కకు పోనివ్వవు. మలుపు పెడితే మలుపు కూడా తిరుగుతుంది. చిన్న చిప్పు మీద కాంతికి దారి వేయడమంటే ఇదే. ఆరేళ్లు దీనిమీదే లెక్కలు కట్టాను. నాయనకు మాత్రం ఏనాడూ చెప్పలేదు. చెప్పినా ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను. అదీ నా తెలివి.

వైవాలో చూపించడానికి పెద్ద నమూనా ఉండాలన్నారు మా గైడు హరినాథ్ సారు. కాగితం మీద గీసి నాయనకిచ్చాను. ఆయన అట్ట కొట్టి, గుడ్డలో చుట్టి, వైవా రోజు పొద్దున తనే బస్సులో అనంతపురంలోని మా యూనివర్సిటీకి తెచ్చాడు.

బెంగళూరు నుంచి వచ్చిన ఎగ్జామినరు ముందు గుడ్డ విప్పాను. అట్ట నిండా చిల్లులే. వదిలేసిన వరుస లేదు.

"ఇందులో కాంతి ఎటు పోతుందమ్మా?" అన్నాడాయన.

ఎటూ పోదు. తన నమూనా తనే సరిగ్గా చూసుకోలేనిదానికి డిగ్రీ ఎవరిస్తారు? నాయన కూర్చున్న వరండాలోకి పరిగెత్తాను.

"నాయనా, ఏం చేసినావు?"

"నడిమిట్లో ఒక వరుస మర్చిపోయింటివి. నేను వేసినా," అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

"అయ్యో దేవుడా! ఆ వరుస లేకపోవడమే నా చదువు! వెలుతురు పొయ్యే దోవ అది!"

"ఆ ముక్క ముందే చెప్పింటే నీ సొమ్మేం పోయేది?"



నాయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికొచ్చి నేలమీద కూర్చున్నాడు. అటెండరుతో బంక తెప్పించుకున్నాడు. కాగితం కావాలంటే ఎగ్జామినరే నా థీసిస్ చివరి తెల్లకాగితం చించి ఇచ్చాడు. నాయన తప్పు చిల్లులు మూసే పద్ధతిలోనే తను వేసిన నడిమి వరుసలో ఒక్కొక్క చిల్లు మీద ముక్క అంటిస్తూ పోయి, సగంలో ఆగాడు.

"పాపా, ఈడ మూల తిప్పాల్నా, నేరుగా పోవాల్నా?"

"తిప్పు నాయనా."

తిప్పాడు.

"మలుపు దగ్గర కాంతి బయటికి పోదా?" అని ఎగ్జామినరు నన్నడిగాడు.

"యాడికి పోతాది సార్? సుట్టూ చిల్లులే కదా," అన్నాడు నాయన.

మలుపు దగ్గర కొంత కాంతి వెనక్కి తిరిగొస్తుందనీ, ఎంత వస్తుందో, దాన్ని ఎలా తగ్గించానో, మిగతాది నేను చెప్పాను. గంట తర్వాత డిగ్రీ ఇవ్వొచ్చని సంతకం చేశారు.

తిరుగు బస్సులో నాయన అట్టను ఒళ్లో పెట్టుకుని కండక్టరును పిలిచాడు.

"ముప్పై ఏండ్లలో నేను కొట్టిన అట్ట ఒక్కటీ ఎనక్కి రాలేదన్నా. ఈ పొద్దు వచ్చింది. తప్పని చెప్పింది ఎవరనుకున్నావు? మా పాప. డాక్టరు."