చిట్టియ్య కొన్న విమానం

పెద్ద మొక్కల వేరుముద్దలు క్యాబిన్ వైపుకీ, ఆకులు వెనక తలుపు వైపుకీ ఉండేలా లారీలో ఏటవాలుగా పడుకోబెడుతున్నాడు చిట్టియ్య. పొద్దున్న ఆరున్నరకే మోకాళ్ళ దాకా మట్టి. కింద నుంచి ఇద్దరు అందిస్తుంటే పైన ఒక్కడే వంగి, ఒక్కో మొక్క మెడ కింద చెయ్యి వేసి, చంటిపిల్లని పక్కమీద దించినట్టు దించుతున్నాడు. లారీ నాగపూర్ చేరడానికి మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఒక్క కొమ్మ విరిగినా "ఆ లోడు సర్దినవాడెవడు?" అని నర్సరీ యజమాని తాతాజీ గారికి ఫోను వస్తుంది. ముప్ఫై ఏళ్ళలో చిట్టియ్య మీద అలాంటి ఫోన్లు రెండే వచ్చాయి. ఆ రెండూ డ్రైవర్ల పాపమేనని అతని వాదన.

మనిషి పొట్టి. బరువులు మోసీ మోసీ కుడి భుజం ఎడమదాని కంటే రెండంగుళాలు కిందికి జారింది. గోళ్ళ కింద మట్టి క్రిస్మస్ ఆరాధనకి వెళ్ళినప్పుడు కూడా పోదు. కడియం నర్సరీలో పుట్టిన మొక్కలు ఏ ఊళ్ళకి పోతాయో అన్నీ చెబుతాడు, ఒక్క ఊరూ చూడలేదు. అతని గురించి చెప్పుకోవడానికి ఇంతకంటే ఏమీ ఉండేది కాదు, ఆ వీడియో రాకపోతే.

"ఎరువు గారూ! తాడు అందుకోండి!" కింద నుంచి ఎవడో అరిచాడు. మిగతావాళ్ళు కిసుక్కుమన్నారు.

చిట్టియ్య తాడు అందుకున్నాడు. పళ్ళు మాత్రం పటపటమన్నాయి.

సంగతి ఏమిటంటే, తాతాజీ గారి నర్సరీలో టైల్స్ వేసిన మరుగుదొడ్డి ఒకటుంది. అది మొక్కలు కొనడానికి వచ్చే పెద్దమనుషులకి. తాళం ఆఫీసు గదిలో ఉంటుంది. కూలీలు, ఆడా మగా, కాలవగట్టు పక్కన వక్కచెట్ల వరసల చాటుకి పోతారు. మగాళ్ళు ఆ చివరికి, ఆడాళ్ళు ఈ చివరికి. ఎవరూ ఎవరి వైపూ చూడరు. ఆ మర్యాద ముప్ఫై ఏళ్ళుగా నడిచింది. నాలుగు నెలల కిందట తాతాజీ గారి మేనల్లుడు అశోక్ డ్రోను కొన్నాడు. కూలీలు పని ఎగ్గొడుతున్నారో లేదో పైనుంచి చూడ్డానికట! మొదటి వారంలోనే వక్కచెట్ల చాటున గొంతుక్కూర్చున్న చిట్టియ్యని వీడియో తీసి, "మన చిట్టియ్య ఎరువు వేస్తున్నాడు" అని రాసి నర్సరీ గ్రూపులో పెట్టాడు. నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి. అది చేతులు మారి, జంగారెడ్డిగూడెంలో కాపురం చేసుకుంటున్న కూతురు మెర్సీ ఫోను దాకా పోయింది.

"నాన్నా, అందులో ఉన్నది నువ్వేనా?" అని అడిగింది మెర్సీ. "కాదమ్మా" అన్నాడు చిట్టియ్య. కన్నకూతురికి అబద్ధం చెప్పడం అదే మొదలు. ఆ రాత్రి తల కొట్టేసినట్టయి అన్నం ముట్టలేదు.

అయినా తన మట్టుకు తను దిగమింగేవాడేమో. బేబి సంగతే అతన్ని నిలవనివ్వలేదు. బేబి అతని భార్య, అదే నర్సరీలో మొక్కలకి అంట్లు కడుతుంది. డ్రోను వచ్చిన దగ్గర్నుంచి ఆవిడ పనిలో ఉన్నంతసేపూ మంచినీళ్ళు ముట్టడం మానేసింది. తాగితే వెళ్ళాలి, వెళితే పైన అది. నాలుగు నెలల్లో రెండుసార్లు చలిజ్వరం, ఒకటే మంట. "నీళ్ళు బాగా తాగాలమ్మా" అంటాడు డాక్టరు. ఆవిడ తల దించుకుని మాత్రలు తెచ్చుకుంటుంది.

శత్రువుని క్షమించమని మొన్న ఆదివారం పాస్టరు గారు ప్రార్థన చేసినప్పుడు చిట్టియ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు గానీ ఆమెన్ అనలేదు. వాడి కన్ను పీకాలి. మనిషి కన్ను కాదు, ఆ పైన తిరిగే కన్ను! రాయికి అందదు, గులేరుకి అందదు. ఆ సాయంత్రమే ధవళేశ్వరం ఇసకలో కాలేజీ కుర్రాళ్ళు చిన్న విమానం ఒకటి ఎగరేస్తుంటే చూశాడు. దాని దెబ్బకి గద్ద ఒకటి బెదిరి పక్కకి తప్పుకుంది. చిట్టియ్య అక్కడే గంటసేపు నిలబడిపోయాడు. దాన్ని ఎక్కడ అమ్ముతారో అడిగి మరీ ఇంటికి వెళ్ళాడు.

అందుకే ఈ వేళ పన్నునొప్పి అని చెప్పి పూట సెలవు తీసుకున్నాడు. సైకిలు కడియం సెంటర్లో పెట్టి, రాజమండ్రి బస్సెక్కాడు.

కొట్టు మేడమీద ఉంది. గల్లాపెట్టె దగ్గరున్న అమ్మాయి మెడలో దుర్గాశ్రీ అని పేరు కార్డు వేలాడుతోంది.

"ఎవరికండి? మనవడికా?" అంది.

"నాకేనండి."

ఆ పిల్ల నవ్వలేదు. చిట్టియ్యకి ప్రాణం లేచొచ్చింది. నవ్వితే మెట్లు దిగిపోదామనే ఎక్కాడు.

"ఇంతకుముందు ఎప్పుడైనా ఎగరేశారా అండి?"

"లేదండి. అదిగో, ఆ ఎర్రది ఇప్పించండి. మొనదేలి ఉంది, చూడండి, అది."

"అది వద్దండి బాబాయ్ గారూ. చాలా స్పీడు. మీరు మీట కదిపేలోపే నేలకి కొట్టుకుంటుంది. కొత్తవాళ్ళకి రెక్క పైన ఉండేది మంచిది, చేతులు వదిలేసినా దానంతటదే సర్దుకుంటుంది. ఫ్యాను వెనక ఉంటే ముక్కు గుద్దుకున్నా విరగదు."

రెక్క పైన ఉన్నది ఒకటి తీసింది. బాగానే ఉంది గానీ, రెక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే ముక్క. చిట్టియ్య చేతులు బార్లా చాపి కొలిచాడు.

"బస్సులో పట్టదండి. పట్టినా ఎవడో ఒకడు మోచెయ్యి పెడతాడు. ఆ తర్వాత సైకిలు మీద తీసుకెళ్ళాలి."

"అయితే ఇది చూడండి" అంటూ మూడోది తీసింది. చూపుకి ఏమంత బాగోలేదు, బూడిదరంగు. కానీ రెక్క రెండు ముక్కలు, మధ్యలో ఒక కడ్డీ. తోక నొక్కితే ఊడి వస్తుంది. అన్నీ విప్పితే చంకలో ఇమిడే పెట్టె. చిట్టియ్య ముఖం మారింది. ఇది అతనికి తెలిసిన విద్య. రెక్కని బొటనవేలితో నొక్కి చూశాడు, మెత్తగా లోపలికి పోయి మళ్ళీ లేచింది. విరిగే సరుకు కాదు. ప్రయాణంలో విరిగేది ఎప్పుడూ బయటికి పొడుచుకొచ్చినదే. దీనికి పొడుచుకొచ్చేదేదీ లేదు. మూడుసార్లు విప్పాడు, మూడుసార్లు బిగించాడు. నాలుగోసారి పెట్టెలో సర్దేసరికి కంపెనీవాడు వదిలిన ఖాళీలో రిమోటు కూడా పట్టింది.

దుర్గాశ్రీ కళ్ళింత చేసుకుంది. "మీరేం చేస్తుంటారండి?"

"లోడు సర్దుతానండి."

కూర్చోబెట్టి, బ్యాటరీకి అక్కడే ఛార్జింగు పెట్టించి, ఏ మీట ఏం చేస్తుందో చెప్పింది. గాలికి ఎదురుగా విసరమంది. నెలరోజులు ఖాళీ మైదానంలో నేర్చుకోమంది. మనుషుల మీదకీ, పక్షుల మీదకీ, ఎవరైనా డ్రోను ఎగరేస్తుంటే దాని దగ్గరికీ పోనివ్వొద్దంది.

"అబ్బే, ఎందుకు పోనిస్తానండి" అన్నాడు చిట్టియ్య. ఈ ఒక్క రోజులో అది రెండో అబద్ధం.

బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నెలరోజులు నేర్చుకుంటాడు. ఆ తర్వాత ఒక శుభదినాన అశోక్ బాబు ఆఫీసు అరుగు మీద నిలబడి, మెడ ఎత్తి, పెదవి మీద ఆ వెకిలి నవ్వు పెట్టుకుని ఆడిస్తుంటాడు చూడండి, అప్పుడు. ఆ నవ్వు ఎలా ఆరిపోతుందో తలుచుకుంటుంటే కడుపు నిండిపోయింది. కడియంలో దిగాక భోజనం సంగతే మరిచిపోయాడు.

ఇంటికి వెళ్ళి దాచే వ్యవధి లేదు. నాగపూర్ లారీ ఇంకా సగమే నిండింది. అందుకని రిమోటు తీసి అన్నం సంచిలో పెట్టాడు. పెట్టెని గోనెలో చుట్టి, కొబ్బరితాడు బిగించి, వేరుముద్దలా చేశాడు. పచ్చవల పందిరి కింద లోడుకి సిద్ధం చేసిన మొక్కల పక్కన పెట్టి, గుర్తుకి పైన రెండు ఆకులు గుచ్చాడు. అచ్చం మొక్కే! తన తెలివికి తనే మురిసిపోయి లారీ ఎక్కాడు.

నాలుగింటికి చెవుల్లో తుమ్మెద దూరినట్టు రొద మొదలైంది. అశోక్ అరుగు మీదకి వచ్చాడు. డ్రోను గులాబీల మీద తిరిగింది, మందారాల మీద తిరిగింది. లారీ పైనుంచి చూస్తే నర్సరీ అంతా కనబడుతుంది. బేబి అంట్లు కట్టే చోటు నుంచి లేవడం చిట్టియ్య చూశాడు. పొత్తికడుపు పట్టుకుని, వంగి, గబగబా వక్కచెట్ల వైపు నడుస్తోంది. చుక్క నీరు ముట్టకపోయినా మంట ఆగనివ్వలేదు, పాపం. ఆవిడ ఆ వరసల్లోకి వెళ్ళీ వెళ్ళగానే డ్రోను గిర్రున తిరిగి అటే బయల్దేరింది.

నెలరోజులు! ఏం నెలరోజులు! చిట్టియ్య అన్నం సంచిలోంచి రిమోటు లాక్కుని లారీ మీద నుంచి దూకేశాడు.

గోనె విప్పితే చెయ్యంతా తడి. అట్టపెట్టె నానిపోయి పిండిలా ఊడొచ్చింది. ఎవరో నీళ్ళు పోశారు. తిట్టుకునే సమయం కూడా లేదు. కడ్డీ, రెక్క, రెక్క, తోక. పొద్దున్న మూడుసార్లు చేసిన పని, చేతులు వాటంతటవే చేశాయి. కాలవ మీద నుంచి గాలి వస్తోంది. దానికి ఎదురు తిరిగి, ఫ్యాను తిప్పి, ముప్ఫై ఏళ్ళ కుడి భుజమంతా పెట్టి విసిరాడు.

విమానం లేచింది. తిన్నగా డ్రోను మీదకే పోయింది. కొట్టు, కొట్టవే, అని గొణిగాడు. డ్రోను కింద నుంచి బారెడు దూరంలో దాటిపోయింది. మీట కుడికి లాగాడు, ఎడమకి లాగాడు. ఊహూ! తడికి దాని బుర్ర చెడింది. చెప్పిన మాట ఒక్కటీ వినకుండా తన దారిన తను కాలవ వైపు పోతోంది.

"ఎవడిదిరా అది? మన నర్సరీ మీద ఎవడ్రా?" అశోక్ కేక పెట్టాడు. తన ఆకాశంలో ఇంకొకటి తిరగడం బాబుగారికి ఎలా పడుతుంది! వక్కచెట్లని వదిలేసి డ్రోనుని దాని వెంట తరిమాడు. చూపంతా చేతిలో తెర మీదే. విమానం కొబ్బరి మట్టల కింద నుంచి దూరిపోయింది. వెనకాలే వచ్చిన డ్రోను ఆ మట్టల్లో పడి చరచరా కొట్టుకుంది. ఒక రెక్క తెగి ఇవతల పడింది. మిగతాది బుడుంగున కాలవలో పడింది. అవతల గట్టు మీద వరిచేల పైనుంచి చిట్టియ్య విమానం చిన్నదవుతూ పోయి, కనబడటం మానేసింది.

అశోక్ నోరు తెరుచుకుని ఉంది. ఆ ముఖాన్ని చిట్టియ్య తనివితీరా చూశాడు. రిమోటు దాచాలని కూడా అనిపించలేదు.

తాతాజీ గారు ఆఫీసులోంచి వచ్చారు. "ఏరా చిట్టియ్యా, నువ్వేనా? ముప్ఫై ఏళ్ళు నా ఉప్పు తిన్నావు కదరా!"

"తిన్నానండి. మీ ఉప్పు తిన్నాను. మా ఆవిడ మాత్రం నాలుగు నెలల నుంచి మీ దగ్గర మంచినీళ్ళు కూడా తాగలేదండి. ఎందుకో బాబుగారిని అడగండి."

తాతాజీ గారు మేనల్లుడి వైపు చూశారు. అశోక్ ఆయన వైపు చూడలేదు. ఆ ముసలాయనకి అర్థమైంది. అయినా మేనల్లుడు మేనల్లుడే, కూలీ కూలీయే.

"రేపట్నుంచి రావద్దు" అన్నారు, నేలకేసి చూస్తూ.

"ఇప్పట్నుంచే రానండి. లోడు సగంలో ఉంది, ఆకులు వెనక్కి ఉండేలా పెట్టమనండి."

అంతే. ముప్ఫై ఏళ్ళ పనికి పలికిన వీడ్కోలు అంతే. బేబి కొంగు సవరించుకుంటూ వచ్చింది. చుట్టూ చూసింది, నానిన అట్టముక్కలు చూసింది.

"ఏమయ్యా, ఆ గోనెమూటలో ఉన్నది అదా? మూడింటికి నేనే నీళ్ళు పోశాను. వేళ్ళు ఎండిపోతున్నాయేమోననుకున్నా."

చిట్టియ్య పగలబడి నవ్వాడు. నాలుగు నెలల తర్వాత నవ్వడం అదే. "మంచి పని చేశావే బేబీ" అన్నాడు. "ఒట్టు, మంచి పని చేశావు."

ఆవిడ గేటు పక్కన చలివేంద్రం కుండ దగ్గరికి వెళ్ళింది. స్టీలు గ్లాసు ముంచి, తల పైకెత్తి, గటగటా తాగింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ. అంట్లు కట్టే ఆడవాళ్ళు చేతుల్లో కత్తులు ఆపి చూస్తున్నారు, తాతాజీ గారు చూస్తున్నారు, డ్రోను వెతుక్కోవడానికి వెళ్ళి తడిసిన చెప్పులతో కాలవ నుంచి వచ్చిన అశోక్ కూడా చూస్తున్నాడు. ఎవరి కోసమూ తొందరపడకుండా నాలుగో గ్లాసు కూడా పూర్తిచేసి, మూతి తుడుచుకుని, సైకిలు వెనక ఎక్కి కూర్చుంది. చిట్టియ్య తొక్కాడు.

కుండ మూత మీద గ్లాసు బోర్లించి ఉంది, దాని చుట్టూ తడి ఇంకా ఆరలేదు.