వాయిదా పడకుండా వైఫై

విడిపోవడానికి కూడా ముందు కలవాలట, కోర్టువారి కంప్యూటర్‌తో మా కంప్యూటర్లు. విడాకుల విచారణ పదకొండున్నరకి. నేను ముందుగదిలో నా ల్యాప్‌టాప్ దగ్గర, మా ఆవిడ వెనకగదిలో తన పాత కంప్యూటర్ దగ్గర. ఇద్దరూ ఒకే తెరమీద పక్కపక్కన కనిపిస్తే బాగోదని లాయరు చెప్పాడు. పెళ్లి ఫొటోలో తప్ప ఎక్కడా పక్కపక్కన నిలబడని వాళ్లం, మాకదో కష్టమా?

పదకొండుకి మరదలు వంటింట్లోంచి వచ్చింది. అక్కకి తోడుగా పొద్దున్నే దిగింది.

"బావా, అక్క కంప్యూటర్లో నెట్ రావట్లేదు."

"నా దాంట్లో వస్తోందే."

"అదే కదా నా అనుమానం! కావాలని ఆపారా? ఇవాళ అక్క కనబడకపోతే ఆర్నెల్లు వాయిదా. ఆర్నెల్లు ఇదే ఇంట్లో, ఇవే మొహాలు చూసుకుంటూ!"

"నీ మొహం కూడానా?"

జోకు దానంతటదే వచ్చింది. ఏడాదిగా ఇంతే. నోరు తన పని తాను చేసుకుపోతోంది, లోపల మాత్రం తిమ్మిరెక్కిన కాలులా ఉంది. కాలయితే విదిలించొచ్చు. మనిషిని ఎక్కడ పట్టుకుని విదిలించాలి?

వంటిల్లు చుట్టి వెనకగదికి వెళ్లాను. ఆవిడ కుర్చీ పక్కకి జరుపుకుంది.

"చూడండి," అంది.

ఒకప్పుడు "ఏమండీ" అనేది. ఏమండీ పోయి చూడండి మిగిలింది.

చూశాను. తెరమీద పక్కింటివాళ్ల వైఫైలు మూడున్నాయి, మాది లేదు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. నాలుగు నిమిషాలు మూలిగి లేచింది. వెనక గుచ్చిన వేలెడంత వైఫై ముక్కని పీకి, దుమ్ము ఊది, మళ్లీ గుచ్చాను. ముందుగదికి పరిగెత్తి, మోడెం ఆపి, దాని పక్కనే మోడులా నిలబడి పది లెక్కపెట్టి, వేశాను. నా ల్యాప్‌టాప్‌లో నిండుగా నాలుగు గీతలు. ఆవిడకి ఒక్క గీత, అదీ కొనఊపిరితో. ఫోన్లో హాజరవుదామంటే కుదరదు, కంప్యూటరే కావాలని కోర్టు గుమాస్తా ముందే తేల్చేశాడు.

వైఫ్‌కి వైఫై అనబోయి మానుకున్నాను. ఈ ఇంటికి నెట్ వచ్చినప్పటినుంచీ ఆ జోకు వేస్తూనే ఉన్నాను. మొదటిసారి ఆవిడ నవ్వింది కూడా.

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఆదివారం నుంచి."

"చెప్పలేదేం?"

"మిమ్మల్ని అడగాలనిపించలేదు."

కోపం లేదు. గడియారం చూసి టైము చెప్పినట్టు చెప్పింది.

ఆదివారం నాడే మా రెండు గదుల మధ్య తలుపుకి అడ్డంగా, ఆవిడ గది వైపు, బీరువా పెట్టించాం. ఇనప బీరువా, దానికో నిలువుటద్దం, కడుపునిండా చీరలు. మోడెం ఆ తలుపు అవతలే గోడకి ఉంది. మా మధ్య ఏదీ దాటకూడదని పెట్టాం. పాపం, అది నిజాయితీగా డ్యూటీ చేస్తోంది.

"బీరువా జరపాలి," అన్నాను.

పదకొండూ ఇరవై ఆరు. ఆవిడ లేచి కొంగు దోపుకుంది. ఇద్దరం భుజాలానించాం.

"ఒకటి, రెండు... బావా, తోస్తున్నారా, ఆనుకుని నిద్రపోతున్నారా?"

"మీ అక్క తోస్తోందిగా, నేను సంతకం పెడుతున్నా."

బీరువా గచ్చుమీద కీచుమంది. ఆవిడ చెవి పక్కన తెల్లవెంట్రుకలు కనిపించాయి. ఇన్ని ఎప్పుడొచ్చాయో నాకు తెలీదు. ఇంతకుముందు ఇంత దగ్గరగా ఎప్పుడు నిలబడ్డామో అదీ గుర్తులేదు.

"ఆగండాగండి, మూడు గీతలు!" అరిచింది మరదలు.

తెరుచుకున్న తలుపులోంచే నా గదికి వెళ్లి కూర్చున్నాను. తెరమీద జడ్జిగారు, ఆయన కింద గుమాస్తా, ఒక మూల మా ఆవిడ.

"మీ ఇద్దరి అంగీకారంతోనే కదా?" అని జడ్జిగారు ముందు నన్నడిగారు.

"అవునండీ," అన్నాను. నా గొంతు రెండుసార్లు మోగింది.

ఆయన కలం ఆపారు. "ఏమిటీ ప్రతిధ్వని? మీరిద్దరూ ఒకేచోట ఉన్నారా?"

అవతల మరదలు తలుపులోంచి నాకేసి తల అడ్డంగా ఊపింది. విడిగా బతుకుతున్నామని నమ్మకపోతే కథ మళ్లీ మొదటికే.

"ఇల్లొకటేనండీ, గదులు వేరు," అంది మా ఆవిడ.

"మరి బతుకులు?"

"ఏడాది నుంచి అవీ వేరేనండీ."

ఆయన ఏదో రాసుకున్నారు. "సరే. ఎవరో ఒకరు మైకు ఆపండి. ఆవిడ మాట నాకు శుభ్రంగా వినపడాలి."

నాది నేను ఆపాను.

"చెప్పమ్మా. ఇది మీ ఇష్టపూర్వకంగానేనా?"

"అవునండీ" అన్న మాట ముందు తలుపులోంచి వచ్చింది, తర్వాత ల్యాప్‌టాప్‌లోంచి. రెండింటికీ మధ్య ఒక్క అరసెకను. ఆ అరసెకనులో నాకేమైనా అనిపిస్తుందేమోనని చూశాను.

విడాకులు మంజూరని జడ్జిగారు సంతకం పెట్టారు. గుమాస్తా తర్వాతి కేసు పిలిచాడు.