ఎర్రదారం కోడిపిల్లలు

"పిల్లలకు అప్పుడే నూకలెయ్యకు. మూడొద్దులు పోవాలె," అంది దేవవ్వ, గంప కింద గుడ్లలోంచి బయటపడుతున్న కోడిపిల్లలను చూసి. మగ్గం గుంటలో కూర్చున్న కొడుకు దశరథం నేస్తున్న నాడె ఆపకుండానే అడ్డొచ్చాడు. "తడారంగనే నీళ్లు, నూకలు వెట్టాలె. అట్లయితేనే ఎదుగుతయి, రోగమొస్తే తట్టుకుంటయి. గుడ్లిచ్చిన సర్కారు గ్రామసేవక్ చెప్పిండు." ఎవరి మాట వినాలని కోడలు శంకరవ్వ అడిగింది. "ఇద్దరియి ఇను," అన్నాడాయన, పెద్ద తీర్పు చెప్పినట్టు.

సరే, విన్నది. రెండు పెట్టల కింద పన్నెండు పిల్లలు. ఆరింటి కాళ్లకు ఎర్రదారం కట్టి సర్కారు లెక్కన ఆ మధ్యాహ్నమే నానిన నూకలు చల్లింది. ఆరింటికి తెల్లదారం కట్టి, అత్త లెక్కన ఏమీ పెట్టకుండా గంప కింద మూసింది. శంకరవ్వకు అప్పుడు ఏడో నెల. నీళ్లు మోయాలి, వండాలి, నూలు కండెలు చుట్టాలి. ఇంట్లో నేసేది మాత్రం దశరథం ఒక్కడేనట.

తెల్లదారం పిల్లలు రెండో రోజుకు కియ్యోమని ఏడుస్తుంటే ఆమె గంప పక్కనే కూర్చుంది. తొలికాన్పులో తనదీ ఇదే గతి. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసి, పిల్లవాడికి ఆముదం నాకించారు. తనకు మూడు రోజులు మిరియాల కారం తప్ప మెతుకు లేదు. పక్కగదిలోంచి అన్నం వాసన వస్తుంటే పిడికెడు పెట్టమని అడిగింది. "బాలింత అన్నమడుగుతదా, సిగ్గులేకుంట," అంది అత్త. "మూడొద్దులే గద. శివరాత్రికి నేను ఉపాసం ఉంటలేనా," అన్నాడు దశరథం. ఆయన ఉపవాసానికి ఇంట్లో అటుకులు, అరటిపళ్లు, పాలు అన్నీ నిండుకునేవి.

నెల తిరిగేసరికి ఎర్రదారం పిల్లలు బలిసి తెల్లదారం వాటిని తొక్కుకుంటూ తిరిగాయి. తర్వాత వాడకు కోళ్లరోగం వచ్చింది. తెల్లదారంవి నాలుగు పోయాయి, ఎర్రదారంది ఒక్కటి. దేవవ్వ రెండు రోజులు ఆలోచించి అసలు సంగతి కనిపెట్టింది. "ఎర్రదారానికి దిష్టి తగలదే. నేనే సోయిలేక తెల్లది కట్టనిచ్చిన." మిగిలిన రెండింటికీ తనే దారం మార్చింది. వాడలో ఆడవాళ్లంతా ఎర్రదారం ముక్కల కోసం వచ్చారు. "నేను ముందే చెప్పలే?" అని దశరథం మీసం దువ్వాడు. నూకల మాట ఎవరూ ఎత్తలేదు. శంకరవ్వ మాత్రం, ఈసారి తన బిడ్డను ఆకలికి ఎండనివ్వకూడదని గట్టిగా అనుకుంది.

రెండో కాన్పు పొద్దెక్కేసరికి అయింది, ఆడపిల్ల. మంత్రసాని బొడ్డుకోసి అటు వెళ్లగానే శంకరవ్వ బిడ్డను రొమ్ముకు అందించింది. పాలు పిండడానికి గిన్నె, నాకించడానికి ఆముదం పట్టుకుని వచ్చిన దేవవ్వ గడపలోనే నిలబడిపోయింది.

"మూడొద్దులు గాలే గదనే."

శంకరవ్వకు భయం వేసింది. అయినా బిడ్డను విడిపించలేదు. గొంతు పెంచకుండానే చెప్పింది.

"బిడ్డ తాగుతంది, అత్తా. గా గిన్నెల నాకింత అన్నం వెట్టుకరా. ఆకలైతంది."