గుజ్జు ఫ్యాక్టరీ ముందర యుద్ధం

నా ఫోన్‌లో మాట్లాడొచ్చు, అంతే. అందుకే టోకెన్ మా బావమరిది ఆదిమూలం ఫోన్‌లో తీసుకున్నాము. ఇప్పుడు గుజ్జు ఫ్యాక్టరీకి మామిడికాయ తోలాలంటే ముందు ఫోన్‌లో టోకెన్ తీసుకోవల్ల. వంతు రాంగానే మెసేజ్ వస్తాది. వచ్చిన అరగంటలో ట్రాక్టరు గేటు కాడ ఉండల్ల. లేకుంటే వంతు పోతాది.

ఫ్యాక్టరీ ఎదురుగా ఉండే బీడులో ట్రాక్టర్లన్నీ నిలబెట్టినారు. నేను శుక్రవారం నుంచి ఆడే ఉండాను. ఆదివారానికి అడుగునుండే తోతాపురి కాయలు మెత్తబడి, ట్రాలీ సందుల్లోంచి రసం కారతా ఉండింది. ఆ పొద్దు దాటితే ఇంక ఎవురూ తీసుకోరు.

ఈ లోడు కూడా పోకపోతే తోపు కొట్టించేద్దామని నేనూ నా పెండ్లాం భారతమ్మా అనుకునేసినాము. మూడేండ్లుగా ఇదే అగసాట్లు. ఆ చెట్లు మా నాయన కావిడితో నీళ్లు మోసి బతికించినవి. ఆ మాట ఆదిమూలానికీ చెప్పినాను. "కొట్టించే పనేం లేదు బావా, నేను లేనా?" అన్నాడు.

ఆదిమూలం తిరపతిలో ఎమ్మే చదివినాడు. పుత్తూరులో ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్తాడు. సెలవు కాబట్టి నాకు తోడొచ్చినాడు.

పక్క ట్రాక్టరు సుబ్రమణ్యానిది, చంద్రగిరి కాడ పెద్దాయన. బీడీ ఆర్పి ఊరికే ఒక మాటన్నాడు. "ఆడెక్కడో పరదేశాల్లో కొట్టుకుంటా ఉండారంటప్పా. ఓడలు పోవడం లేదంట. పోయినేటి గుజ్జే డ్రమ్ముల్లో ఉండిపోయిందంట."

"కొట్టుకుంటా ఉండారంటే ఎట్ల పెద్దాయనా?" అన్నాడు ఆదిమూలం. "మొదలు పెట్టిందెవురు? అది చెప్పు ముందు."

"నాకేం తెల్సు? నన్నడిగి మొదలుపెట్టినారా?"

"అదే మీతో వచ్చిన చిక్కు. చదువు లేకపోయేసరికి ఎవుడేం చెప్తే అది నమ్మేస్తారు."

"మా మనవడు నీ మాదిరి బళ్లోనే చదువుతా ఉండాడు సామీ. ఆ దేశాలు యాడుండాయో మ్యాపులో చూపించరా అంటే నోరు తెరిచినాడు. నువ్వు చెప్పే పాఠం అదేనా?"

చుట్టూ చేరినోళ్లు నవ్వినారు. ఆదిమూలం చెవులు ఎర్రబడినాయి. ఫోన్ తీసి ఒక వీడియో పెట్టినాడు. ఎవుడో టై కట్టుకుని అరస్తా ఉండాడు. వెనకాల మ్యాపు మీద ఎర్రబాణాలు.

"సూడండి. క్షిపణి యాడ పడిందో పైనించి శాటిలైటు పట్టేస్తాది. మన శ్రీహరికోట నుంచి పోయినవి గూడా తక్కువేం కాదు. నీ తలకాయ మీద వెంట్రుకలు లెక్కపెడతాయి."

"నాకు వెంట్రుకలు యాడుండాయిలే. ఈ ఈగల్ని లెక్కపెట్టమను."

మళ్లీ నవ్వినారు. ఆదిమూలం వీడియో సౌండు ఇంకా పెంచినాడు. అప్పుడే తెర మీద పైన తెల్లగా ఒక ముక్క దిగింది, రెండు వరసల అక్షరాలతో. టై కట్టుకున్నోడి మొగానికి అడ్డమొచ్చింది. ఆదిమూలం బొటనవేలితో దాన్ని పక్కకు నెట్టేసినాడు, అన్నం మీద ఈగను తోలినట్ల.

"ఏందది?" అన్నాను.

"ఏదో ఆడ్‌లే బావా. గమ్మునుండు."

నేను గమ్మునున్నాను. అన్నీ తెలిసినోడు గదా.

యుద్ధం సాగింది. ఎవురు మంచోళ్లో, ఎవురికి బాంబులు ఎన్నుండాయో, మనం ఎవురి పక్కనుండల్లో తేల్చినారు. తేల్చి మళ్లీ మొదలుపెట్టినారు. అంతలో, మా వెనక వచ్చిన ట్రాక్టరొకటి మమ్మల్ని దాటి గేట్లోకి పోయింది.

"మెసేజ్ సూడు ఆదిమూలా."

చూసినాడు. కిందికీ పైకీ జరిపినాడు. ఫోన్ జేబులో పెట్టుకుని గేటు కాడికి నడిచినాడు.

గేటు కాడ కిటికీలో కంప్యూటరు ముందర ఒక ఆడపిల్ల కూర్చోనుండింది. "మీకు ఒంటిగంటకే మెసేజ్ పోయిందే అన్నా. అరగంట చూసి తీసేసింది" అనింది.

"ఎవురు తీసేసినారు?" అన్నాను.

"సిస్టమన్నా."

"దాన్ని పిలువమ్మా, నేను మాట్లాడతా."

ఆ పిల్ల నవ్వలేదు. తల వంచుకుని, "మళ్లీ టోకెన్ బుధవారానికే ఉండాది" అనింది. ఆదిమూలం ఆ పిల్లతో ఇంగ్లీషులో గొడవ పెట్టుకున్నాడు. ఆ పిల్లా ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది. టోకెన్ మాత్రం బుధవారం నుంచి ముందుకు జరగలేదు.

బయటికొచ్చినాక, "సర్వర్ ప్రాబ్లం బావా. ఈ దేశంలో టెక్నాలజీ వాడుకునే తెలివి ఎవురికుండాది?" అన్నాడు.

నేను ట్రాక్టరు తిప్పినాను. దావలో వంక దగ్గర ఇంతకుముందే ఎవురెవురో పారబోసిన కాయలు గుట్టలుగా ఉండినాయి. దాని పక్కనే వెనక్కి పెట్టి ఆపినాను. ట్రాలీ తలుపు తీస్తా ఉంటే ఆదిమూలం దిగి ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. "మిత్రులారా, అంతర్జాతీయ రాజకీయాలు చిత్తూరు మామిడి రైతును ఎట్ల ముంచినాయో చూడండి" అని మొదలుపెట్టినాడు. గొంతు బాగా వణికించినాడు. నిజంగానే కండ్లలో నీళ్లు తిరిగినాయి వాడికి. ఫోన్ నా మొగం మీదికి తెచ్చి, "బావా, దీనిమీద నీ అభిప్రాయం ఒక్క మాట చెప్పు" అన్నాడు.

"రంపమోళ్లు రేపొస్తారు. వాళ్లకు గూడా అన్నం వండమని మీ అక్కకు చెప్పు" అన్నాను. "ఇప్పుడు ఈ కొక్కెం పట్టు."

ఒక చేత్తో కొక్కెం పట్టుకున్నాడు. ఇంకో చెయ్యి దించలేదు.

మర్నాడు చెట్లు కొడతా ఉంటే నాకు ఆ వీడియో చూపించినాడు. చానామంది మెచ్చుకున్నారంట. అందులో వంకుండాది, కాయలుండాయి, ఓడలుండాయి, యుద్ధముండాది. నేను చెప్పిన మాట మాత్రం తీసేసినాడు.